బిల్లుల ఆలస్య రుసుములు, గుర్తింపు వివరాల చోరీ: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు విషయాలను ఒకే చోట వివరించడానికి కారణం ఉంది. బిల్లు గడువు దాటిపోయిందన్న కంగారులో ఉన్న మనిషి చేతనే మోసగాళ్ళు సులువుగా ఆధార్ నంబరు, కార్డు వివరాలు, ఓటీపీ చెప్పించుకోగలుగుతున్నారు. గడువు దాటితే నిజంగా పడే రుసుము ఎంత, దాన్ని ఎవరు ఏ పద్ధతిలో వసూలు చేస్తారు, అంతకు ముందు ఏ నోటీసు ఇవ్వాలి అన్నది తెలిసినవారు అలాంటి ఫోను మాటలకు తొందరపడరు. ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట వరకు మా దృష్టికి వచ్చే సందేహాలలో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్యే తిరుగుతున్నాయి.

కరెంటు బిల్లు గడువు దాటింది. వెంటనే సరఫరా ఆపేస్తారా?

వెంటనే ఆపడానికి చట్టం ఒప్పుకోదు. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, బకాయి ఉన్న వినియోగదారునికి కనీసం 15 పూర్తి రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇచ్చిన తరువాతే సరఫరా నిలిపివేయాలి. మన రెండు జిల్లాలకూ విద్యుత్తు సరఫరా చేసేది విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఈపీడీసీఎల్. మీటరు రీడింగు తీసినవారు ఇచ్చిన కాగితాన్ని ఒకసారి నిదానంగా చూడండి. చెల్లింపునకు గడువు తేదీ ఒకటి, సరఫరా నిలిపే తేదీ మరొకటి దానిపై విడివిడిగా ఉంటాయి. మొదటి తేదీ దాటితే సర్‌ఛార్జీ పడుతుంది. రెండో తేదీ కూడా దాటితే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు తీసే అవకాశం ఉంటుంది, అప్పుడు తిరిగి కలపడానికి వేరే రుసుము కట్టాలి.

మామూలు ఇంటి కనెక్షన్‌కు పడే సర్‌ఛార్జీ చిన్న మొత్తమే. అది తరువాతి నెల బిల్లులో కలిసి వస్తుంది తప్ప, దానికోసం ఎవరూ ఫోను చేసి అప్పటికప్పుడు పంపమని అడగరు. బిల్లులో అంతకు ముందు నెలల బకాయి చూపించే వరుస కూడా ఉంటుంది. మీరు కట్టిన మొత్తం అక్కడ మళ్ళీ కనిపిస్తే, రసీదు తీసుకుని సెక్షన్ కార్యాలయంలో అడగండి, లేదా విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి.

బిల్లు తప్పుగా వచ్చిందని గట్టిగా నమ్ముతున్నాను. కట్టకుండా ఫిర్యాదు చేయవచ్చా?

ఫిర్యాదు చేయవచ్చు, కానీ ఏమీ కట్టకుండా ఊరుకుంటే ఆలస్య రుసుముతో పాటు సరఫరా పోయే ప్రమాదమూ ఉంటుంది. దీనికి అదే 56వ సెక్షన్‌లో ఒక మార్గం ఉంది, అది చాలామందికి తెలియదు. అభ్యంతరం తెలుపుతూ వారు అడిగిన మొత్తాన్ని గానీ, గత ఆరు నెలల సగటు ప్రకారం లెక్కించిన మొత్తాన్ని గానీ, ఏది తక్కువైతే అది డిపాజిట్ చేస్తే, వివాదం తేలేవరకు సరఫరా తీసివేయకూడదు. సొమ్ము కట్టేటప్పుడు అభ్యంతరంతో కడుతున్నానని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద కార్యాలయం ముద్ర వేయించుకోండి.

అక్కడ తేలకపోతే పంపిణీ సంస్థలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆ పైన ఫిర్యాదులను విచారించి తేల్చే అధికారి అయిన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. మరో సంగతి. ఒక బకాయి మొదట చెల్లించవలసిన తేదీ నుంచి రెండేళ్ళు గడిచిన తరువాత, ఈ మధ్యకాలపు బిల్లులన్నిటిలో దాన్ని బకాయిగా చూపుతూ రాకుండా, ఒక్కసారిగా బయటికి తీసి వసూలు చేయడం కుదరదని అదే సెక్షన్ చెబుతోంది.

"మీ పాత బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి కరెంటు తీసేస్తాం" అని సందేశం వచ్చింది. నిజమేనా?

కాదు. ఈ మోసం పని చేసే తీరును కాస్త వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే సరిగ్గా ఇక్కడే ఆలస్య రుసుము భయం గుర్తింపు చోరీగా మారుతుంది.

సందేశం ఎక్కువగా సాయంత్రం, కార్యాలయాలు మూసే వేళకు వస్తుంది. పంపినది సంస్థ పేరుతో ఉన్న ఐడీ కాకుండా మామూలు పది అంకెల మొబైల్ నంబరు అయి ఉంటుంది. అందులో "విద్యుత్ అధికారి" నంబరని ఇంకొకటి ఉంటుంది. ఆ నంబరుకు ఫోను చేస్తే, అవతలి వ్యక్తి ఎంతో మర్యాదగా మాట్లాడి, మీరు బిల్లు కట్టారని ఒప్పుకుంటాడు, కంప్యూటరులో ఎక్కలేదంతే అంటాడు. పది రూపాయలు కడితే సరిపోతుందని చెప్పి, వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు పంపుతాడు, లేదా స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమంటాడు. అడిగేది పది రూపాయలే కాబట్టి పోయేదేముందని మనకు అనిపిస్తుంది.

ఆ ఫైలు వేసుకునేటప్పుడు ఎస్‌ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. అనుమతి ఇచ్చిన క్షణం నుంచి మీ ఫోనుకు వచ్చే ప్రతి ఓటీపీ వారికీ చేరుతుంది. పది రూపాయలు కట్టమని చూపిన పేజీలో మీరు నింపిన కార్డు నంబరు, పిన్ అప్పటికే వారి దగ్గర ఉంటాయి. తరువాత మీరు ఎవరికీ ఓటీపీ చెప్పనక్కరలేకుండానే ఖాతా ఖాళీ చేయగలుగుతారు.

ఇప్పటికే అలాంటి ఫైలు వేసుకుని ఉంటే, మొదట ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సిమ్ బయటికి తీయండి. ఇంట్లో వేరొకరి ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి కార్డును, నెట్ బ్యాంకింగ్‌ను, యూపీఐని ఆపించండి. ఆ తరువాత యాప్ తీసివేసి, ముఖ్యమైన ఫొటోలు వంటివి దాచుకుని, ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయించడం మంచిది. పాస్‌వర్డులు, పిన్‌లు అన్నీ వేరే ఫోను నుంచి మార్చాలి. డబ్బు పోకపోయినా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి సమాచారం ఇవ్వండి.

బిల్లు నిజంగా బకాయి ఉందో లేదో చూసుకోవాలంటే, సందేశంలోని లింకు ముట్టుకోకుండా మీ సర్వీసు నంబరుతో ఈపీడీసీఎల్ సొంత యాప్‌లోనో, మీరు ఎప్పుడూ కట్టే యాప్‌లోనో చూడండి. స్మార్ట్‌ఫోను లేనివారు సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్‌నో, తమకు తెలిసిన లైన్‌మన్‌నో అడగవచ్చు. ఒక్క రాత్రి ఆగి ఉదయం అడగడం వల్ల ఎవరి ఇంటి కరెంటూ పోదు.

మేము పని కోసం చెన్నైలో ఉంటున్నాము. సోంపేట దగ్గర ఇల్లు తాళం వేసి ఉంది. కరెంటు మీటరు మా నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన కాలం చేశారు. బిల్లు సంగతి మాకు ఎలా తెలుస్తుంది?

చెన్నై, హైదరాబాదుల్లో భవన నిర్మాణ పనులకు వెళ్ళేవారు, గుజరాత్‌లోని వేరావల్ వైపు చేపల వేటకు వెళ్ళే మత్స్యకారులు ఎక్కువగా ఉన్న మన జిల్లాల్లో ఈ ప్రశ్న చాలా ఇళ్ళది. వాడకం లేకపోయినా స్థిర ఛార్జీలు పడుతూనే ఉంటాయి. తలుపు తాళం వేసి ఉండి రీడింగు తీయలేనప్పుడు అంచనా బిల్లు వేసే వీలు కూడా ఉంది. నెలల తరబడి కట్టకపోతే సర్వీసును రద్దు చేసి మీటరు తీసుకుపోతారు. ఆ తరువాత కొత్త కనెక్షన్ తీసుకునే ఖర్చు ముందు ఆలస్య రుసుములు ఏపాటివీ కావు.

సర్వీసు నంబరు ఉంటే దేశంలో ఎక్కడి నుంచైనా కట్టవచ్చు. కాబట్టి ఊరు వదిలే ముందు పాత బిల్లును ఫొటో తీసి ఉంచుకోండి, మీ ప్రస్తుత మొబైల్ నంబరును ఆ సర్వీసుకు నమోదు చేయించండి. ఇల్లు చాలా కాలం ఖాళీగా ఉంటుందని తెలిస్తే కొన్ని నెలల మొత్తం ముందుగానే కట్టి ఉంచడం గురించి సెక్షన్ కార్యాలయంలో అడగండి.

ఇక నాన్నగారి పేరు విషయం. బిల్లు ఎవరి పేరుతో వచ్చినా కట్టడానికి ఆటంకం లేదు కాబట్టి పేరు మార్పును ఏళ్ళ తరబడి వాయిదా వేయడం మన దగ్గర అలవాటుగా ఉంది. అయితే మరణించిన వ్యక్తి పేరు మీద ఉన్న సర్వీసు, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు చూసుకునేవారు లేని ఆస్తులు. వాటిలో ఏ అక్రమ లావాదేవీ జరిగినా ఫిర్యాదు చేయడానికి ఎవరూ ఉండరు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల వివరాలు, ఇంటి పన్ను రసీదు పట్టుకుని వెళ్ళి సర్వీసును వారసుల పేరుకు మార్పించుకోండి. బ్యాంకుకు కూడా మరణ సమాచారం రాతపూర్వకంగా ఇచ్చి, ఖాతాను నామినీ లేదా వారసుల ద్వారా పరిష్కరించుకోవాలి.

పాత సిమ్ రీఛార్జి చేయక పోయింది. దాని వల్ల ప్రమాదం ఏమైనా ఉందా?

ఉంది, వలస వెళ్ళే కుటుంబాలకు ఇది పెద్ద ప్రమాదమే. పని ఉన్న రాష్ట్రంలో ఒక సిమ్, ఊరికి వచ్చినప్పుడు మరొక సిమ్ వాడేవారు చాలామంది ఉన్నారు. 90 రోజుల పాటు ఏ వాడకమూ లేని నంబరును కంపెనీ నిలిపివేయవచ్చు. అలా నిలిపిన నంబరును కనీసం 90 రోజులు పక్కన ఉంచి, ఆ తరువాత కొత్త వినియోగదారునికి ఇస్తారు. అది న్యాయంగా జరిగే పనే. కానీ మీ బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, కరెంటు సర్వీసుకు ఆ పాత నంబరే ఇంకా ఉంటే, మీ ఓటీపీలు, బిల్లు సందేశాలు మీకు తెలియని వ్యక్తి ఫోనుకు వెళతాయి. మీకు బిల్లు తెలియక ఆలస్య రుసుము పడుతుంది, అవతలి వ్యక్తి మంచివాడు కాకపోతే ఖాతాకూ ముప్పు వస్తుంది.

నంబరు వదిలేయదలిస్తే క్రమం ఇలా ఉండాలి: ముందు బ్యాంకులో కొత్త నంబరు ఇవ్వండి, తరువాత ఆధార్ కేంద్రంలో మార్పించండి, తరువాత పాన్, గ్యాస్, బీమా, కరెంటు. ఇవన్నీ అయ్యాకే పాత సిమ్‌ను వదలండి.

క్రెడిట్ కార్డు బిల్లు రెండు రోజులు ఆలస్యమైంది. రుసుము వేశారు. న్యాయమేనా?

న్యాయం కాదు. రిజర్వు బ్యాంకు 2022లో జారీ చేసిన కార్డుల నిబంధనల ప్రకారం, గడువు తేదీ దాటి మూడు రోజులకు మించి బకాయి ఉన్నప్పుడే ఆలస్య రుసుము వేయాలి, అప్పుడే మన అప్పులు, చెల్లింపుల వివరాలు నమోదు చేసే క్రెడిట్ సమాచార సంస్థలకు (సిబిల్ వంటివి) కూడా బకాయిగా తెలియజేయాలి. పదో తేదీ గడువు అనుకుంటే, పదమూడో తేదీలోగా కట్టినవారికి ఆ రుసుము పడకూడదు. మూడు రోజులు దాటితే మాత్రం రోజుల లెక్క గడువు తేదీ నుంచే మొదలవుతుంది. రుసుము కూడా గడువు తరువాత మిగిలిన బకాయి మీద లెక్కించవలసిందే తప్ప, బిల్లు మొత్తం మీద కాదు. స్టేట్‌మెంటు అందిన తరువాత వడ్డీ మొదలయ్యేలోపు కట్టడానికి కనీసం పక్షం రోజుల వ్యవధి ఉండాలని కూడా ఆ నిబంధనలు చెబుతున్నాయి.

ముందుగా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నంబరు తీసుకోండి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సమాచారానికి 14448 నంబరు ఉంది.

ఆలస్య రుసుము కన్నా ఎక్కువ నష్టం చేసేది కనీస చెల్లింపు. బిల్లు రూ.20,000 ఉండి, కనీస మొత్తంగా రూ.1,000 కడితే ఆలస్య రుసుము పడదు, ఫోన్లు కూడా రావు. కానీ మిగిలిన మొత్తం మీద వడ్డీ మొదలవుతుంది, పైగా కొత్తగా కొన్న వస్తువులకు కూడా వడ్డీ లేని రోజులు పోతాయి. నెలకు మూడున్నర శాతం వేసే కార్డులు ఉన్నాయి. అంటే ఏడాదికి 42 శాతం. ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వద్దనే మనుషులం, కార్డు మీద మూడున్నర రూపాయలు పడుతున్నా గమనించకుండా కడుతున్నాము.

కార్డు అడగలేదు, కానీ నా పేరు మీద ఒకటి వచ్చింది. ఏం చేయాలి?

అడగని కార్డు పంపకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. దానిని వాడకండి, యాక్టివేషన్ కోసం ఓటీపీ చెప్పకండి, మూసివేయమని రాతపూర్వకంగా కోరండి. దాని మీద ఛార్జీలు వేస్తే వెనక్కి ఇవ్వడంతో పాటు ఆ ఛార్జీలకు రెట్టింపు మొత్తాన్ని జరిమానాగా మీకు చెల్లించాలి. మీ వివరాలతో వేరొకరు దరఖాస్తు చేసి ఉండవచ్చు కాబట్టి, కింద చెప్పిన క్రెడిట్ నివేదిక కూడా వెంటనే చూసుకోండి.

అప్పు కిస్తీ తప్పితే ఎంతైనా జరిమానా వేయవచ్చా?

2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, కిస్తీ తప్పినందుకు వేసేది జరిమానా ఛార్జీగా మాత్రమే ఉండాలి. దాన్ని వడ్డీ రేటులో కలపకూడదు, ఆ ఛార్జీని అసలులో చేర్చి దాని మీద మళ్ళీ వడ్డీ లెక్కించకూడదు. కొత్త రుణాలకు ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. తప్పిన కిస్తీ మీద మామూలు వడ్డీ నడవడం వేరు, అది నడుస్తుంది. ఈ ఆదేశం క్రెడిట్ కార్డులకు వర్తించదు.

ఖాతాలో డబ్బు లేక ఆటోమేటిక్ కోత తిరిగి వెళితే మీ బ్యాంకు ఒక ఛార్జీ, అప్పు ఇచ్చిన సంస్థ మరొక ఛార్జీ వేస్తాయి. నాలుగు అప్పులకు నాలుగు తేదీలు పెట్టుకున్నవారికి ఇలా నెలకు ఎంత పోతోందో పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుంటే గానీ తెలియదు. జీతం లేదా కూలి సొమ్ము పడే తేదీకి దగ్గరగా కిస్తీ తేదీ మార్చమని అడగడంలో తప్పు లేదు.

డ్వాక్రా సంఘాల్లో సభ్యురాలు కిస్తీ ఆలస్యం చేస్తే సంఘమే జరిమానా రాస్తుంది. ఆ మొత్తం తీర్మానం పుస్తకంలో ఎక్కాలి, సభ్యురాలి వ్యక్తిగత పాస్‌బుక్కులో కూడా రాయించుకోవాలి. సంఘం పనులన్నిటికీ సభ్యులందరి ఆధార్, పాస్‌బుక్కు నకళ్ళు ఒకే సంచిలో ఒకరి ఇంట్లో ఉండిపోవడం చాలా గ్రామాల్లో జరుగుతోంది. ఎవరి మీదా అనుమానం అక్కరలేదు, కానీ పని అయిపోగానే ఎవరి నకళ్ళు వారు వెనక్కి తీసుకోవాలి.

వసూలు ఏజెంట్లు రాత్రి పదింటికి ఫోను చేసి బంధువులకు చెబుతామంటున్నారు.

ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత అప్పు వసూలు కోసం ఫోను చేయకూడదు. బంధువులను, స్నేహితులను వేధించడం, బహిరంగంగా అవమానించడం నిషిద్ధం. ఫోను వచ్చిన సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ ఉంచుకుని, అప్పు ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు చేయండి. అసలు మీరు అప్పే తీసుకోకుండా ఇలాంటి ఫోన్లు వస్తుంటే, మీ పేరుతో వేరొకరు తీసుకున్నారేమో చూసుకోవలసిన సమయం అది.

యూపీఐలో బిల్లు కట్టాను. ఖాతాలో డబ్బు తగ్గింది, బిల్లు మాత్రం కట్టనట్టే చూపిస్తోంది.

రెండోసారి వెంటనే కట్టకండి. లావాదేవీ విఫలమై ఉంటే, వ్యాపార సంస్థలకు చేసే యూపీఐ చెల్లింపుల్లో ఆ సొమ్ము ఐదు రోజుల్లోపు తనంతట తానుగా వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. లావాదేవీ ఐడీతో యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. గడువు తేదీ నాడే కట్టే అలవాటు ఉన్నవారికి ఇక్కడే ఇబ్బంది వస్తుంది కాబట్టి, రెండు మూడు రోజుల ముందు కట్టడం మేలు.

ఇలాంటప్పుడు గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకడం ప్రమాదకరం. మోసగాళ్ళు తమ నంబర్లను అక్కడ సంస్థల పేర్లతో ఉంచుతున్నారు. నంబరును బిల్లు మీద నుంచో, కార్డు వెనుక నుంచో, యాప్ లోపల నుంచో తీసుకోండి. డబ్బు వెనక్కి రావడానికి పిన్ కొట్టమని ఎవరైనా అంటే అది మోసమే. డబ్బు పంపడానికే పిన్ కావాలి, అందుకోవడానికి ఎప్పుడూ అక్కరలేదు.

ఎల్‌ఐసీ ప్రీమియం తేదీ దాటిపోయింది.

సంవత్సర, అర్ధ సంవత్సర, మూడు నెలల పాలసీలకు కనీసం 30 రోజులు, నెలవారీ పాలసీలకు 15 రోజులు అదనపు గడువు ఉంటుంది. ఆ లోపల కడితే ఆలస్య రుసుము లేదు, బీమా కూడా కొనసాగుతుంది.

సిమ్ కొనేటప్పుడు, లాడ్జిలో, జిరాక్స్ షాపులో ఆధార్ నకలు ఇస్తూనే ఉంటాము. ఏది ఇవ్వాలి?

మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా, చివరి నాలుగు మాత్రమే ఉండే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. గుర్తింపు చూపించడానికి చాలా చోట్ల అది సరిపోతుంది. కాగితం నకలు ఇవ్వవలసి వస్తే, దాని మీద అడ్డంగా ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం చేయండి. ఆ రాత ఫొటో మీద, నంబరు మీద కొంత పడేలా ఉండాలి, లేకపోతే చెరిపి మళ్ళీ నకలు తీస్తారు.

జిరాక్స్ షాపులో మరొక జాగ్రత్త అవసరం. ప్రింటు కోసం ఆధార్, పాస్‌బుక్కు ఫొటోలను షాపువారి వాట్సాప్‌కు పంపుతాము, పని అయ్యాక అవి ఆ ఫోనులోనే, ఆ కంప్యూటరులోనే ఉండిపోతాయి. మీ ఎదుటే తీసేయమని అడగండి. బాగా ప్రింటు రాలేదని పక్కన పడేసిన కాగితాన్ని కూడా చింపి మీరే తీసుకెళ్ళండి. అడగడానికి మొహమాటపడవలసినది ఇందులో ఏమీ లేదు.

ఓటీపీ రాలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా అమ్మ ఖాతా నుంచి డబ్బు పోయింది. ఎలా?

వేలిముద్రతో పోయి ఉండవచ్చు. ఆధార్ ఆధారిత చెల్లింపు విధానంలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, కార్డు గానీ ఓటీపీ గానీ లేకుండా నగదు తీయవచ్చు. గ్రామాల్లో బ్యాంకు మిత్రల దగ్గర పెద్దవారికి ఇది ఎంతో ఉపయోగపడుతోంది, అందులో సందేహం లేదు. అయితే రిజిస్ట్రేషన్ దస్తావేజుల వంటి కాగితాల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారు చేసి డబ్బు తీసిన ముఠాలను పోలీసులు పట్టుకున్నారు.

ఇంకా మామూలుగా జరిగే మోసం యంత్రం ముందే జరుగుతుంది. పెద్దావిడ వేలు పెడుతుంది. "పడలేదమ్మా, చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెట్టు" అంటారు. పొలం పనులు చేసిన వేళ్ళకు గీతలు అరిగిపోయి నిజంగానే ఒక్కోసారి పడవు కాబట్టి, ఆమెకు అనుమానం రాదు. మొదటి ముద్రతో ఒకసారి, రెండో ముద్రతో మరొకసారి డబ్బు తీసి, ఒక్కసారి మొత్తమే చేతికి ఇస్తారు. కాబట్టి ప్రతి ప్రయత్నానికీ స్లిప్పు అడగాలి, విఫలమైనదానికి కూడా. ఫోనులో బ్యాంకు సందేశం చూసుకున్న తరువాతే రెండోసారి వేలు పెట్టాలి.

ఆధార్ యాప్‌లో గానీ యూఐడీఏఐ వెబ్‌సైటులో గానీ బయోమెట్రిక్ లాక్ చేసుకుంటే వేలిముద్రతో ఎవరూ డబ్బు తీయలేరు. గత ఆరు నెలల్లో ఆధార్ ఎక్కడ వాడారో కూడా అక్కడే చూడవచ్చు, సహాయానికి 1947 ఉంది. ఒక ఇబ్బంది ముందుగా చెప్పాలి: లాక్ చేసిన తరువాత రేషన్ దుకాణంలోనూ, ఒకటో తేదీన పింఛను ఇచ్చేటప్పుడూ వేలిముద్ర పడదు. ఆ సమయానికి తాత్కాలికంగా తెరిచి పెట్టేవారు ఇంట్లో ఉంటేనే పెద్దవారికి లాక్ చేయండి. ఒంటరిగా ఉండే పెద్దవారికైతే, ఖాతా నుంచి వేలిముద్ర ద్వారా నగదు తీసే సౌకర్యాన్ని ఆపమని బ్యాంకుకు దరఖాస్తు ఇవ్వడమో, పెద్ద మొత్తాన్ని ఆ ఖాతాలో ఉంచకుండా డిపాజిట్‌గా మార్చడమో మెరుగని నా అభిప్రాయం.

నా పేరు మీద ఎవరైనా అప్పు తీసుకున్నారేమో ఎలా తెలుస్తుంది?

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఒక్కొక్కటి ఏడాదికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున చూసుకుంటే ఏడాది పొడవునా నిఘా ఉన్నట్టే. స్కోరు ఒక్కటే చూసి మూసేయకండి. మీరు ఎప్పుడూ వెళ్ళని సంస్థ మీ వివరాలు విచారించినట్టు ఉందా, మీకు తెలియని చిరునామా, ఫోను నంబరు చేరాయా అన్నవి ముఖ్యం. అప్పు ఖాతాగా కనిపించడానికి ముందే దొంగతనం జాడ అక్కడ తెలుస్తుంది.

తప్పు కనిపిస్తే ఆ సంస్థకూ, అప్పు ఇచ్చిన సంస్థకూ ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తరువాత రోజుకు రూ.100 పరిహారం మీకు రావాలి. మీరు తీసుకోని అప్పును ఇబ్బంది తప్పించుకోవడానికి కొంత కట్టేయడం మాత్రం చేయకండి, కడితే అది మీదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది.

నా పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో తెలుసుకోవచ్చా?

కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైటులోనో యాప్‌లోనో మీ నంబరుతో చూసుకోవచ్చు. మీది కానిదాన్ని అక్కడే "నాది కాదు" అని గుర్తిస్తే విచారించి తీసేస్తారు. పోయిన ఫోనును పని చేయకుండా ఆపించడానికీ అదే చోటు. సంత రోజుల్లో గొడుగు కింద సిమ్‌లు అమ్మేవారి దగ్గర రెండోసారి వేలిముద్ర అడిగితే, మొదటిది ఏమైందో చూపించమనండి.

పట్నంలో ఉన్న స్నేహితుడు, నా బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే నెలకు కొంత ఇస్తానంటున్నాడు.

ఇవ్వకండి. మోసపోయినవారి డబ్బు ఆ ఖాతాలోకి వస్తుంది, పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారు ఇంటికే. చదువుకుంటున్న పిల్లలు కొద్దిపాటి కమీషను కోసం ఇందులో చిక్కుకోవడం నిజంగా బాధ కలిగిస్తోంది.

డబ్బు పోయింది. మొదట ఏం చేయాలి? ఓటీపీ నేనే చెప్పాను, ఇంకా ఆశ ఉందా?

1930కి ఫోను చేయండి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు నిమిషాల్లో మారుతుంది, ఎక్కడో ఒక ఖాతాలో ఉండగానే ఆపగలిగితే వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది. ఓటీపీ మీరే చెప్పినా సరే, సిగ్గుపడి ఆలస్యం చేయకండి. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచిపెట్టేవారు నష్టపోయేది ఆ రెండు రోజుల్లోనే. తరువాత బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి, జాతీయ సైబర్ నేరాల వెబ్‌సైటులో వివరాలు నమోదు చేయండి.

2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడో వ్యక్తి వల్ల జరిగిన అనధికార లావాదేవీని మూడు పని దినాల్లో తెలియజేస్తే మీకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య తెలియజేస్తే మామూలు పొదుపు ఖాతాదారుని బాధ్యత లావాదేవీకి రూ.10,000కు, కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక ఖాతాకు రూ.5,000కు మించదు. ఫిర్యాదు చేసిన పది పని దినాల్లో ఆ సొమ్మును ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే బాధ్యత బ్యాంకుది. ఓటీపీ మీరే చెప్పిన సందర్భంలో, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం మీదే అవుతుంది, తెలియజేసిన తరువాత జరిగినది బ్యాంకు భరించాలి. అందుకే ఫిర్యాదు చేసిన సమయం నిమిషాలతో సహా రాసి ఉంచుకోండి.

స్టేషనుకు వెళితే ఇది మా పరిధి కాదన్నారు.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకుని నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. మరొకరి పాస్‌వర్డును, సంతకాన్ని, గుర్తింపు వివరాలను మోసపూరితంగా వాడడం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద నేరం. మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. స్టేషనులో తీసుకోకపోతే రాతపూర్వక ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. దానితో పాటు బ్యాంకు స్టేట్‌మెంటు, వచ్చిన సందేశాల స్క్రీన్‌షాట్లు, ఫోను చేసిన నంబర్లు, 1930లో ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య జతచేసి, పోస్టు రసీదును భద్రపరచుకోండి.